తుంగ మడి పెద్దయ్య

అరకు సంతలో ప్లాస్టిక్ చాప బేరమాడుతుండగా పెద్దయ్య పోయాడని ఫోనొచ్చింది. బతికున్నన్నాళ్ళూ నేను ఏ తప్పు పని చేస్తున్నా సరిగ్గా ఆ నిమిషానికే ప్రత్యక్షమయ్యేవాడాయన. పోయాక కూడా ఆ అలవాటు మానలేదు.

చాప నీలం రంగుది, మధ్యలో నెమలి. గబగబా చుట్టి కొట్టువాడికి తిరిగిచ్చేశాను.

"ఏటి బాబూ, నచ్చలేదా?"

"మా పెద్దయ్య పోయాడు."

"అయ్యో. మరైతే ఇంకోటి కూడా కావాల కదా. జనం వత్తారు, కూకోవాల" అన్నాడు.

వ్యాపారమంటే అలా ఉండాలి. నాకు బాధపడే వ్యవధి కూడా ఇవ్వకుండా ఎరుపు రంగు చాప విప్పాడు. నేను జీపెక్కేశాను.

పెద్దయ్య అంటే నాకు చుట్టమేమీ కాదు. మా ఊళ్ళో మనల్ని తిట్టే హక్కు ఎవరు తీసుకుంటే వాళ్ళే పెద్దయ్య. ఆ లెక్కన ఊరందరికీ ఆయనే పెద్దయ్య. ఆయన చేసే పనల్లా ఊరి కింద రెండు కొండల వాలు కలిసేచోట ఉన్న తుంగ మడిని కాయడం, కోయడం, ఎండబెట్టడం, గోగునార పురితో చాపలల్లడం. ఇది వినడానికి చాలా ప్రశాంతంగా ఉంటుంది. దగ్గరుండి చూసినవాళ్ళకి తెలుసు, ఆ మడి దగ్గర ఏడాది పొడుగునా ఎవరితోనో ఒకరితో యుద్ధం నడుస్తూనే ఉండేది.

ఆయన్ని వర్ణించాలంటే మోకాలి కిందనుంచి మొదలుపెట్టాలి. పొద్దున్నే పంచె ఎగ్గట్టి మడిలో దిగేవాడు. ఎండెక్కాక బయటికొచ్చి గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే, ముందు కాళ్ళే కనిపించేవి. ఎడమ కాలి పిక్క కింద అడ్డంగా ఒక పాత మచ్చ. అది ఎలుగుబంటి గీరిన మచ్చ అని ఆయన చెప్పేవాడు. సైకిల్ చైను గీరిన మచ్చ అని ఆయన భార్య, మా పెద్దమ్మ చెప్పేది. ఇద్దరూ ఒకేసారి చెప్పినప్పుడు మేం ఎలుగుబంటి సైకిలు తొక్కుతున్నట్టు ఊహించుకుని సర్దుకునేవాళ్ళం.

ఆ కాలే ఆయనకి కొలబద్ద. దుంప నాటేటప్పుడు నీళ్ళు చీలమండ దాకా ఉండాలి. వానల్లో మచ్చ దాకా రావచ్చు. మోకాలు దాటి వారం రోజులుంటే మాత్రం ఆయన గట్టు మీద నుంచి, నీళ్ళు తెచ్చే గెడ్డవాగు వైపు తిరిగి, ఎవర్నో పేరు పెట్టి పిలిచినట్టు తిట్టేవాడు. పలుగు తీసుకెళ్ళి గండి కొట్టేవాడు. నీళ్ళు మచ్చ దాకా దిగాక గండి మూసేవాడు. "దానికి నడిసే నీళ్ళు కావాలరా. పరిగెత్తే నీళ్ళొద్దు, పడుకునే నీళ్ళొద్దు" అనేవాడు. ఊళ్ళో పెళ్ళికొడుకుల్ని చూసేటప్పుడు కూడా ఇన్ని షరతులు లేవు.

ఎవరు కొత్తగా ఊళ్ళోకొచ్చినా వాళ్ళ చేతిలో ఒక తుంగ కాడ పెట్టి, "రెండు వేళ్ళ మజ్జిన దొర్లించండి" అనేవాడు. నర్సమ్మకి పెట్టాడు, పాస్టరుగారికి పెట్టాడు, ఓట్లడగడానికొచ్చిన పెద్దమనిషికి కూడా పెట్టాడు. కాడకి మూడు అంచులు. వేళ్ళ మధ్య దొర్లదు, ఆగి ఆగి తిరుగుతుంది. "సూసినారా? గడ్డి అయితే గుండ్రంగా దొర్లిపోద్ది. ఇది దొర్లదు" అని వాళ్ళ మొహాల్లోకి చూసేవాడు. ఆ మూడు అంచులూ తానే చెక్కినంత గర్వం. ఓట్ల పెద్దమనిషి కాసేపు దొర్లించి, "తప్పకుండా చూస్తాం" అన్నాడు.

కాఫీ తోటల వాళ్ళతో ఆయనకి నిత్యం తగువు. కాఫీకి నీడ కావాలి, తుంగకి ఎండ కావాలి. మడి గట్టున ఉన్న తోట ఆసామీ సిల్వర్ ఓక్ చెట్లు పెంచి, వాటికి మిరియం తీగలు పాకించాడు. సాయంకాలం ఆ చెట్ల నీడ వచ్చి మడి చివర పడేది. పెద్దయ్య చెట్టెక్కి మడివైపు కొమ్మలు నరికేశాడు. ఆసామీ పంచాయితీ పెడితే, "కొమ్మ నీది, ఒప్పుకున్నాను. నీడ నా మడిలో పడితే అది నాది కాదా? నా నీడ నాను తీసేసుకున్నాను" అన్నాడు. పంచాయితీ పెద్దలు దీని మీద చాలాసేపు ఆలోచించి, చివరికి భోజనాలకి లేచారు.

కోత రోజుల్లో ఆయన పక్కన నిలబడటం కన్నా పరీక్ష హాల్లో కూర్చోవడం నయం. నీటి మట్టానికి జానెడు పైన కోయాలి. అంతకు కిందకి కొడవలి దిగిందో, కేక కొండ అవతలి ఊరికి వినిపించేది. "ఒరే గుంటడా! దాని ముక్కు ముంచేత్తన్నావురా! ఆ కాడలోంచే దుంపకి గాలి ఎల్లాల. నిన్ను నీళ్ళలో ముంచి ముక్కు కోసేత్తే ఎలాగుంటాదో సూడు!" డిగ్రీలో నాకు బోటనీ చెప్పిన మేడం ఇదే సంగతి మూడు క్లాసులు చెప్పింది, నాకెక్కలేదు. పెద్దయ్య ముక్కు కోస్తాననేసరికి బేగి ఎక్కింది.

ఆ దుంపలు ఎప్పటివో ఎవరికీ తెలీదు. కోసిన చోటే మళ్ళీ లేస్తాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పక్కకి పాకుతాయి. మరీ గుంపైపోతే కాడలు పీలగా వస్తాయి కాబట్టి నాలుగేళ్ళకోసారి, వానలకి ముందు, కొన్ని దుంపలు లేపి ఖాళీ చోట నాటేవాడు. "మా తాత నాటినాడు దీన్ని" అనేవాడొకసారి. ఇంకోసారి మా తాతకి తాత అనేవాడు. ఎదుటివాడు వినేలా ఉంటే తాతల సంఖ్య పెరిగేది.

రిసార్టు సంగతి చెప్పాలి. లోయలో కొత్తగా కట్టిన ఒక రిసార్టు మేనేజరు, రిసెప్షన్ దగ్గర ప్రకృతి కనబడాలని, పెద్దయ్య దగ్గర పాతిక దుంపలు తీసుకెళ్ళాడు. నెల తిరక్కుండా జీపు పంపించి పిలిపించాడు. తోడు నేనూ వెళ్ళాను, రిసార్టులో టిఫిన్ పెడతారన్న సదుద్దేశంతో. అద్దాల కప్పు కింద సిమెంటు తొట్టి. మడిలోని నల్ల బురద కంపు కొడుతోందని దుంపల్ని శుభ్రంగా కడిగి, తెల్ల గులకరాళ్ళలో నాటారు. రోజూ పొద్దున్నే నీళ్ళు పూర్తిగా మార్చి, కుళాయి నీళ్ళు పోస్తున్నారు. కాడలన్నీ గోధుమరంగు తిరిగి ఒరిగిపోయాయి.

పెద్దయ్య తొట్టి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఒక కాడ పీకి వాసన చూశాడు.

"దీనికి ఎండేదండీ?"

"గెస్టులకి ఎండ తగలకూడదు కదా, అందుకే కప్పు వేశాం" అన్నాడు మేనేజరు.

"బురదేది?"

"గెస్టులకి వాసన రాకూడదు కదా."

పెద్దయ్య ఆ కాడని మళ్ళీ తొట్టిలో పడేసి, "అయితే ఇందులో ఆ గెస్టుల్నే నాటండి బాబూ. అన్నీ ఆళ్ళకి సరిపోయినట్టే ఉన్నాయి" అన్నాడు.

మాకు టిఫిన్ పెట్టలేదు.

ఇన్ని చెప్పాను గాని, పెద్దయ్యని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ జేసీబీ రోజు. అందులో నా పాత్ర అంత గొప్పది కాదు కాబట్టి ఇంతసేపూ పక్కదారులు పట్టాను.

నేను డిగ్రీ పాసై ఇంట్లో ఖాళీగా ఉన్న ఏడాది అది. ఊరికి నీటి కుంట మంజూరైంది. కాంట్రాక్టరు దగ్గర కొలతల పుస్తకం రాసే పని నాకు దొరికింది. కుంట ఎక్కడ తవ్వాలన్న ప్రశ్న వచ్చింది. కాంట్రాక్టరు తుంగ మడి చూపించాడు. అక్కడ నేల మెత్తన, మిషనుకి శ్రమ లేదు. పైగా తవ్వకముందే నీళ్ళున్నాయి కాబట్టి తవ్వాక కూడా ఉంటాయని అందరికీ నమ్మకం. కొత్తగా వచ్చిన ఇంజనీరు, ఏఈగారు, కాగితం చూసి సరే అన్నారు. కాగితంలో అది "నిరుపయోగమైన చిత్తడి".

ఆ మాట నేనే పెద్దయ్యకి చదివి వినిపించాను. ఆయన నిరుపయోగమంటే ఏమిటని అడిగాడు. చెప్పాను. "మరి ఆ కాగితం రాసినోడు దేని మీద పడుకుంటన్నాడో కనుక్కో" అన్నాడు. ఆ తర్వాత నవ్వలేదు. "కింద నల్ల బంక ఉందిరా. అది కుండకి అడుగు. మిషను పెట్టి దాన్ని పొడిసేత్తే ఊట నీళ్ళు కిందకి జారిపోతాయి. ఆళ్ళకి కుంటా ఉండదు, నాకు తుంగా ఉండదు." లోయలో మిగతా ఊట నేలలన్నీ అప్పటికే ఎండిపోయో, పూడిపోయో ఉన్నాయి. ఈ మడి పోతే దుంప తెచ్చుకోవడానికి ఇంకో చోటు లేదు. ఆ సంగతి ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పనిలేదు.

జేసీబీ వచ్చిన రోజు పెద్దయ్య దాని ముందు పడుకోలేదు. అరవలేదు. మడి గట్టున చింతచెట్టు నీడలో కొత్త తుంగ చాప పరిచాడు, అంతే. ఆకుపచ్చ వాసన ఇంకా పోలేదు దానికి. జేసీబీ డ్రైవరు సాలూరు నుంచి తెల్లారే బయల్దేరి ఘాట్ రోడ్డంతా నడుము విరగ్గొట్టుకుని వచ్చినవాడు. బండి దిగాడు, నీడ చూశాడు, చాప చూశాడు, వెళ్ళి కూర్చున్నాడు.

పెద్దయ్య ఎదురుగా కూర్చున్నాడు. "బాగుంది. కూకున్నావు కదా, ఇంక మాటాడుకుందాం."

మా ఊళ్ళో తగువు తీరాలంటే రెండు పక్షాలూ ఒకే చాప మీద కూర్చోవాలి. మాట తేలేదాకా ఎవరూ లేవకూడదు. ముందు లేచినవాడి మాట పోయినట్టే. భూముల తగువులు, పెళ్ళి తగువులు, కోళ్ళ తగువులు అన్నీ అలాగే తీరాయి. డ్రైవరు లేవబోయి ఆగిపోయాడు.

"ఓలమ్మో! మా మామ్మది ఈ కొండే. నాకీ సంగతి తెలుసు. ఒగ్గేయండి పెద్దయ్యా, నాను బండి తోలుకునేవోణ్ణి, నాకేటి తెల్దు!"

"తెలుసన్నావు, మళ్ళా తెల్దంటావేటి? కూకో."

డ్రైవరు కూర్చున్నాడు. మామ్మ భయం అలాంటిది. గంట గడిచాక ఏఈగారు బైకు మీద వచ్చి, మిషను ఎందుకు ఆగిందని కేకలేశారు. డ్రైవరు లేవలేడు. పెద్దయ్య తల ఎత్తడు. ఏఈగారు ఎండలో నిలబడి పది నిమిషాలు ఉపన్యాసమిచ్చారు. ఊరి జనం మర్యాదగా విన్నారు. చివరికి నేనే దగ్గరికెళ్ళి, "సార్, ఇక్కడ నిలబడి మాట్లాడితే మాట కింద లెక్క కాదు" అన్నాను. అది సహాయమో ద్రోహమో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన బూట్లు విప్పి కూర్చున్నారు. కొలతల పుస్తకం పట్టుకుని పక్కన నన్నూ కూర్చోమన్నారు.

అప్పుడు పెద్దమ్మ రంగంలోకి దిగింది. పెద్ద కుండతో చోడి అంబలి, అంటే రాగి జావ, తెచ్చింది. ఏఈగారికి గ్లాసు నిండా పోసింది. ఆయన తాగి బాగుందన్నారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. రెండో గ్లాసు పోసింది. "బాబు ఎండనపడి వచ్చినారు, ఇంకో గుక్క" అని మూడోది పోసింది. కొండ ఊళ్ళో ఆడమనిషి పోసిన అంబలి వద్దనడం ఎంత అమర్యాదో ఆయనకెవరో ఉద్యోగంలో చేరేటప్పుడే చెప్పి ఉంటారు. నాలుగో గ్లాసుకి నాకు వ్యూహం అర్థమైంది. పెద్దయ్య ముందున్న గ్లాసు అలాగే ఉంది. ఆయన పొద్దుట్నించీ చుక్క నీరు ముట్టలేదు.

మధ్యాహ్నం దాటింది. ఏఈగారు కాళ్ళు మార్చి మార్చి కూర్చుంటున్నారు. ఎదురుగా మడిలో ఊట నీరు సన్నగా చప్పుడు చేస్తూ పారుతోంది. ఆ చప్పుడు ఆపించడం ఎవరి చేతుల్లోనూ లేదు.

"లోతు తగ్గిద్దాం" అన్నారు ఏఈగారు.

"ఎంత?"

"ఒక మీటరు."

"మీటరు నాకు తెల్దు. ఎలుగు దాకా అయితే ఒప్పుకుంటాను" అని పెద్దయ్య కాలు చాపి మచ్చ చూపించాడు.

ఏఈగారు ఆ కాలి వంక, నా వంక చూశారు. పుస్తకంలో ఎలుగుబంటికి గడి లేదని నేను చెప్పాను.

"మరెక్కడ తవ్వమంటావు పెద్దాయనా?" ఆయన గొంతులో అధికారం తగ్గి, అవసరం పెరిగింది.

"ఆ పైన ఎర్ర గట్టుంది సూడండి. వానొత్తే నీళ్ళన్నీ దాని మీద నుంచి ఉత్తినే పారిపోతన్నాయి. అక్కడ తవ్వండి. కుంటలో నీళ్ళు నిలబడతాయి, మిగిలింది ఊటై కిందకి దిగుతాది. మీ పనీ అవుద్ది, నా తుంగా బతుకుద్ది."

"చోటు మార్చాలంటే మళ్ళీ కాగితాలన్నీ మొదట్నుంచీ తిప్పాలి. నా వల్ల కాదు."

అప్పుడు చూశాను, ఆయన మోకాలు వణుకుతోంది. పొద్దుట్నించీ నీళ్ళు లేవు, పైగా డెబ్భై దాటిన మనిషి. పెదవులు ఎండి, నోరు పిడచకట్టింది. రెండు చేతులతో మోకాలిని అదిమి పట్టుకున్నాడు. ఎవరూ చూడటం లేదనుకున్నాడు. ఇంకో పావుగంటకి ఆయనే లేస్తాడు, లేదా ఒరిగిపోతాడు. ఏదైనా మాట పోవడమే.

నేను పుస్తకం తెరిచాను.

"సార్, సర్వే నంబరు ఒకటే. ఎర్ర గట్టు కూడా ఇందులోదే. ఆ నంబర్లో ఎక్కడ తవ్వినా కాగితం మార్చక్కర్లేదు."

ఏఈగారు పుస్తకం లాక్కుని చూశారు. "ముందే చెప్పలేవయ్యా?"

"మీరు అడగలేదు సార్."

"అయితే గట్టు మీదే! గట్టు మీదే తవ్వండి!" అంటూ ఆయన లేచి, బూట్లు మరిచిపోయి, సిల్వర్ ఓక్ తోటలోకి పరిగెత్తారు. డ్రైవరు రెండోదిక్కుకి పరిగెత్తాడు. ఊరు మొత్తం నవ్వింది.

పెద్దయ్య లేవలేకపోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. చంకల కింద చేతులేసి నేనే లేపాను. ఆయన నా మొహంలోకి చూశాడు.

"నీకు ఆ నంబరు సంగతి ఇప్పుడు తెలిసిందా, ముందే తెలుసా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆయన బరువు నా భుజం మీద ఉంది.

"సర్వే స్కెచ్ కాపీ గీసినరోజే తెలుసు పెద్దయ్యా. చెప్పొద్దని కాంట్రాక్టరు అన్నాడు. పని పోద్దని ఊరుకున్నాను."

ఆయన తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. నేను విన్న వాటిలో అదే అన్నిటికన్నా పెద్ద తిట్టు. పెద్దమ్మ ఇచ్చిన నీళ్ళ చెంబు ఎత్తి గటగటా తాగాడు. మర్నాడు కాంట్రాక్టరు నన్ను రావద్దన్నాడు. ఆ మర్నాడు పెద్దయ్య మా గుమ్మంలోకి వచ్చి, "ఖాళీయే కదా. దుంపలు లేపాల, రా" అన్నాడు. ఆ పని చేసిన వారం రోజులూ నా చేతులకి ఆ నల్ల బురద కంపు వదల్లేదు. ఆయన మాత్రం సర్వే నంబరు గురించి మళ్ళీ ఎత్తలేదు.

జీపు దిగి ఊళ్ళోకెళ్ళేసరికి జనం చేరి ఉన్నారు. ఆ మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, గోడకి జారబడ్డాడట, అంతే. ఎవరికీ ఏ శ్రమా పెట్టలేదు. అది ఆయన స్వభావానికి పూర్తిగా విరుద్ధం.

మూడోరోజు పరామర్శకి ఏఈగారు కూడా వచ్చారు. ఎర్ర గట్టు కుంట నిండుగా నిలబడినప్పట్నుంచీ ఆయనకి మా ఊరంటే గురి. వాకిట్లో తుంగ చాప పరిచి ఉంది. తోట ఆసామీతో కలిపి మేం నలుగురైదుగురం దాని మీదే కూర్చున్నాం. ఏఈగారు చాపని చూసి, అంచు దగ్గరే ఆగిపోయారు. బూట్లు విప్పలేదు.

"కూకోండి బాబూ. ఇయ్యాల మాటేటీ లేదు" అంది పెద్దమ్మ.

ఆయన కొంచెం సిగ్గుపడి, బూట్లు విప్పి కూర్చున్నారు. మేం కాఫీ పండించే ఊరి వాళ్ళం గనక అందరికీ టీ వచ్చింది. కింద మడి కనిపిస్తోంది. తుంగ ఏపుగా పెరిగి, కొసలకి గోధుమరంగు పూత వచ్చి, గాలికి ఒకేవైపు వాలి లేస్తోంది.

ఏదో ఒకటి మాట్లాడాలని ఏఈగారు, "కోతకొచ్చినట్టుందే. ఈసారి ఎవరు కోస్తారు?" అన్నారు.

అడిగాక గాని ఆయనకి తెలియలేదు ఏం చేశారో. పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకోవడం ఆపి, చాప మీద ఉన్న ఒక్కొక్కరి మొహం వరసగా చూసింది. ఏఈగారు తన బూట్ల వైపు చూశారు. తోట ఆసామీ తన కొమ్మల వైపు చూశాడు. ఇక మాట తేలేదాకా ఎవరూ లేవడానికి వీల్లేదు.

నేనప్పటికే రెండు గ్లాసుల టీ తాగి ఉన్నాను. పెద్దమ్మ మూడోది పోసింది.